ఇంటెలా, ఏఎమ్‌డీనా: కొత్త ప్రాసెసర్ ఎంపిక డైరీ, చెడగొట్టుకున్న రన్‌లతో సహా

2015 నాటి కోర్ ఐ7-6700 తీసేసి దాని స్థానంలో ఏది పెట్టాలన్నది ప్రశ్న. అది నాలుగు కోర్లు (పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్ల (ఒకేసారి నడిపే పనుల వరసలు) ప్రాసెసర్. కొత్త యంత్రం చేయాల్సింది మూడు పనులు: పెద్ద సి++ కోడ్ రోజుకు ఎనిమిది సార్లు మొదటినుంచి బిల్డ్ చేయడం (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), ఒక వర్చువల్ మెషీన్‌లో (యంత్రం లోపలే నడిచే ఇంకో యంత్రం) టెస్టులు నడపడం, మిగతా టైమంతా ఊరికే ఆన్‌లో ఉండడం. గేములు లేవు, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఉద్దేశం లేదు. నాలుగో పని ఒకటి ఉందని రోజు 21 దాకా నాకే గుర్తు రాలేదు, దాని సంగతి కింద వస్తుంది.

ఎవరి బెంచ్‌మార్కులో చూసి కొనేయకుండా రెండు సెట్లు అరువు తెచ్చుకుని నా పనితోనే కొలిచాను. 2024 సెప్టెంబరులో మొదలుపెట్టాను. ఇందులో సగానికి సగం నేను తప్పుగా కొలిచిన కొలతలే. వాటిని కొట్టేయకుండా ఉంచుతున్నాను, ఎందుకంటే అదే తప్పు చేసేవాళ్లు చాలామంది ఉంటారు, ఫలితం చూసి "ఫలానా కంపెనీదే ఫాస్ట్" అని తేల్చేస్తారు కూడా.

దశ 1: పాత యంత్రం కొలత (రోజు 1)

కొలబద్దగా ఎల్‌ఎల్‌విఎమ్ అనే కంపైలర్ల కోడ్, దానితో పాటు క్లాంగ్ కంపైలర్‌ను తీసుకున్నాను. రిలీజ్ బిల్డ్, ఎక్స్86 టార్గెట్ ఒక్కటే, నింజా అనే బిల్డ్ టూల్‌తో. నా అసలు ప్రాజెక్టు కూడా దాదాపు ఇలాగే ప్రవర్తిస్తుంది: వేలకొద్దీ చిన్న ఫైళ్లు అన్ని కోర్లనూ నింపేస్తాయి, చివర్లో లింకింగ్ (ముక్కలన్నీ ఒక ప్రోగ్రామ్‌గా అతికించడం) మాత్రం ఒకటీ రెండు కోర్ల మీద కూర్చుంటుంది.

1. బిల్డ్ ఫోల్డర్ పూర్తిగా తుడిచేయాలి.
2. యంత్రం రీస్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఊరికే వదిలేయాలి.
3. ఒక బిల్డ్ నడిపి దాన్ని పారేయాలి. ఫైళ్లన్నీ డిస్కు నుంచి మెమరీలోకి వచ్చేది అప్పుడే.
4. తర్వాతివే లెక్కలోకి తీసుకోవాలి.

మూడో మెట్టు మొదటిసారి నాకు తట్టలేదు. మొదటి రన్ 38 నిమిషాల 40 సెకన్లు పట్టింది, తర్వాతి నాలుగూ 36:50, 37:05 మధ్యలో ఉన్నాయి. మొదటిదాన్ని కొట్టేస్తే సగటు 36:55. (ఆ తర్వాత వేరే సెట్ల మీద చేసిన ఇలాంటి వేడెక్కించే రన్‌లను అసలు లెక్కపెట్టలేదు.)

ఇప్పటిదాకా లెక్క: 5 బిల్డులు, పారేసింది 1, పనికొచ్చేవి 4.

దశ 2: ఏవి పోటీలో ఉన్నాయి (రోజు 2)

జాబితా పెద్దదే రాశాను, ఒక్క సాయంత్రంలో కొట్టేస్తూ వచ్చాను.

ఏఎమ్‌డీ రైజెన్ 7 5800ఎక్స్3డీ తీసేశాను. 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ) గేములకు బ్రహ్మాండంగా పనికొస్తుంది కానీ కంపైలింగ్‌కు దానివల్ల ఒరిగేది తక్కువ, పైగా 2016లో మొదలైన ఏఎమ్4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ప్రయాణం చివరికొచ్చేసింది.

ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9లు తీసేశాను. ప్రాసెసర్ తనకు కావాల్సిన దానికన్నా ఎక్కువ వోల్టేజీ అడుగుతోందని, దానివల్ల కాలక్రమంలో నిలకడ పోతోందని 2024 జులైలో ఇంటెలే ప్రకటించింది. ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్‌కు సవరణ), సెప్టెంబరులో 0ఎక్స్12బి వచ్చాయి, ఆ మోడళ్లకు వారంటీని రెండేళ్లు పెంచారు కూడా. కొత్తగా కొని మైక్రోకోడ్ వేసుకుంటే ఇబ్బంది ఉండకపోవచ్చు, కానీ రోజంతా ఆన్‌లో ఉండే యంత్రంతో నాకా టెన్షన్ వద్దు. ఐ5-13500 ఆ వారంటీ జాబితాలో లేదు.

ఏఎమ్‌డీ వైపు పక్షపాతం చూపిస్తున్నానని అనుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000ఎక్స్3డీలు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయిన సంగతీ ఉంది, ఆ తర్వాతే ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ చూసుకునే భాగానికి వెళ్లేది) 1.3 వోల్టులకు మించకుండా బయోస్‌లలో (బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామ్) కట్టడి చేశారు. రెండు కొట్ల వెనకా చెత్తకుప్పలున్నాయి.

మిగిలినవి రెండు:

రైజెన్ 7 7700: 8 కోర్లు, 16 థ్రెడ్లు, అన్ని కోర్లూ ఒకే రకం, ఏఎమ్5 సాకెట్.
కోర్ ఐ5-13500: 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు, మొత్తం 20 థ్రెడ్లు, ఎల్‌జీఏ1700 సాకెట్.

స్పెక్ షీటు చూస్తే రెండింటికీ 65 వాట్లే రాసి ఉంటుంది. ఆ 65ని నమ్మితే మునిగినట్లే. ఏఎమ్‌డీ లెక్కలో 65 వాట్ల టీడీపీ (పెట్టె మీద రాసే వాట్ల అంకె) అంటే సాకెట్ దాకా వెళ్లే అసలు పరిమితి దానికి 1.35 రెట్లు, అంటే 88 వాట్లు. ఇంటెల్ లెక్కలో 65 అన్నది బేస్ పవర్, టర్బోలో (కాసేపు వేగం పెంచుకున్నప్పుడు) 154 దాకా వెళ్లొచ్చు. ఒకే అంకె, అర్థాలు రెండు. ఇది నాకు రోజు 2 నాడే తెలుసు, అయినా రోజు 6న ఇదే గోతిలో పడ్డాను.

దశ 3: రెండు సెట్లు, ఒక వృథా అయిన రోజు (రోజు 4)

అరువుకు దొరికినవి: ఇంటెల్‌కు బి760 బోర్డు, ఏఎమ్‌డీకి ఎక్స్670 బోర్డు, 16 జీబీ చొప్పున రెండు డీడీఆర్5 ర్యామ్ కర్రలు, ఒక ఎన్‌వీఎమ్‌ఈ డిస్కు, రెండు సాకెట్లకూ సరిపోయే ఒకే టవర్ కూలర్. ర్యామ్, డిస్కు, కూలర్ రెండు సెట్ల మధ్య మారుస్తూ వాడాను. ఎస్‌ఎంపీఎస్‌లు మాత్రం రెండున్నాయి కదా అని దేనికది వదిలేశాను. అది గుర్తుపెట్టుకోండి.

ఇంటెల్ సెట్ మొదటిసారే లేచింది. ఏఎమ్‌డీ సెట్ ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, బోర్డు మీద ర్యామ్‌కు సంబంధించిన పసుపు లైటు వెలిగి ఆరట్లేదు. నిమిషంన్నర చూశాను. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదనుకుని పీకి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. ఒక్క కర్రతో, పక్క స్లాట్‌తో, ఆ కర్ర మార్చి ఈ కర్రతో ప్రయత్నించాను. బయోస్ సెట్టింగులను గుర్తుంచే సీమాస్ బ్యాటరీ కూడా తీసి పెట్టాను. ఇలా మధ్యాహ్నమంతా పోయింది. చివరికి విసుగొచ్చి దాన్నలాగే వదిలేసి మొహం కడుక్కుని వచ్చేసరికి బయోస్ తెర ఎదురుగా ఉంది!

ఏఎమ్5 మీద మొదటి బూట్‌లో మెమరీ ట్రెయినింగ్ జరుగుతుంది. బోర్డు ఆ ర్యామ్‌తో ఏ టైమింగ్‌లు పొసగుతాయో వెతుక్కుంటుంది, దానికి నిమిషాలు పడుతుంది. నేను కదిలించిన ప్రతిసారీ, సీమాస్ తుడిచిన ప్రతిసారీ పాపం అది మొదటినుంచి మొదలుపెట్టింది. మీరు చేయాల్సింది ఇదీ:

1. ఆన్ చేయండి.
2. పది నిమిషాలు ముట్టుకోకండి.
3. పది దాటినా పసుపు లైటే ఉంటే అప్పుడు ర్యామ్ పీకండి.
4. బయోస్‌లోకి వెళ్లాక మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ ఆన్ చేయండి, లేకపోతే ప్రతి బూట్‌కూ ఈ తంతు కొంచెం కొంచెం ఉంటుంది.

సీమాస్ తుడవడం వల్ల ఇంకో నష్టం జరిగింది, అది మూడు రోజుల తర్వాత బయటపడింది.

దశ 4: మొదటి ఫలితాలు, అన్నీ తప్పులే (రోజు 5 నుంచి 8)

ఒక్కోదాని మీద ఆరేసి బిల్డులు నడిపాను.

ఇంటెల్ సగటు 10:55. ఏఎమ్‌డీ సగటు 11:45.

యాభై సెకన్ల తేడా! "అయిపోయింది, ఇంటెలే" అని నోట్స్‌లో రాసి కింద గీత కూడా గీశాను. ఆ రాత్రి ప్లగ్ మీటర్ వైపు మామూలుగా చూస్తే ఇంటెల్ సెట్ బిల్డ్ మధ్యలో 193 వాట్లు లాగుతోంది. 65 వాట్ల ప్రాసెసర్, టర్బో అయితే 28 సెకన్ల తర్వాత తగ్గాలి, ఇది పదో నిమిషంలో కూడా అంతే లాగుతోంది. టర్బోస్టాట్ అనే కొలిచే టూల్ నడిపితే ఒక్క ప్రాసెసర్‌దే 132 వాట్లు.

బయోస్‌లో చూస్తే పీఎల్1 (ఎక్కువసేపటి వాట్ల పరిమితి), పీఎల్2 (టర్బో పరిమితి) రెండూ "ఆటో". ఆ ఆటో వెనక ఉన్న అంకె 4095. అంటే పరిమితి లేదని అర్థం. ఇది ఇంటెల్ చెప్పిన అంకె కాదు, బోర్డు తయారీదారు తన బోర్డు రివ్యూల్లో ముందుండాలని పెట్టుకున్న అంకె. చాలా బోర్డుల్లో ఇదే పరిస్థితి. అంటే నేను మూడు రోజులు కొలిచింది ప్రాసెసర్‌ను కాదు, ఒక బోర్డు కంపెనీ అత్యాశను.

సరే, ఏఎమ్‌డీ సంగతైనా సరిగ్గా ఉందా అని చూస్తే అదీ లేదు. ప్రాసెసర్ 88 వాట్ల దగ్గరే బుద్ధిగా ఆగింది కానీ ఉష్ణోగ్రత 91 డిగ్రీలు. దాని హద్దు 95. అంత పెద్ద టవర్ కూలర్ కింద 88 వాట్లకే 91 రావడమేంటి? పైగా ర్యామ్ 4800 వేగం దగ్గర నడుస్తోంది. ఇంటెల్ బోర్డులో ర్యామ్ ప్రొఫైల్ (ర్యామ్ తయారీదారు రాసిపెట్టిన వేగం) ఆన్ చేసి 6000 దగ్గర నడిపాను, ఏఎమ్‌డీ బోర్డులో కూడా చేశాననే అనుకున్నాను, కానీ సీమాస్ తుడిచాక బోర్డు మామూలు స్థితికి వచ్చేసిందన్నది మరిచిపోయాను.

పన్నెండు బిల్డులూ చెత్తబుట్టలోకే.

ఇప్పటిదాకా లెక్క: 17 బిల్డులు, పారేసినవి 13, పనికొచ్చేవి ఆ పాత 4.

దశ 5: సరిచేయడం (రోజు 9 నుంచి 13)

ముందు కూలర్ విప్పాను. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ చూడగానే విషయం అర్థమైంది. ప్రాసెసర్ మూత మీద ఒక పక్క పేస్ట్ పల్చగా, దాదాపు లోహం కనిపించేంతగా పరుచుకుంది. రెండో పక్క మాత్రం నేను పెట్టిన బొట్టు పెట్టినట్టే ఉబ్బుగా, మెరుస్తూ, మీద కూలర్ అడుగు తగిలిన గుర్తు కూడా లేకుండా ఉంది. ఒకవైపు స్క్రూను చివరిదాకా బిగించేసి ఆ తర్వాత రెండోదాని దగ్గరికి వెళ్లాను, అప్పటికి కూలర్ వాలిపోయి రెండో స్క్రూ మరలోకి సగమే దిగింది. చేతికి బిగువుగానే తగిలింది, అందుకే అనుమానం రాలేదు.

1. రెండు స్క్రూలూ మూడేసి చుట్లు, మార్చి మార్చి తిప్పాలి.
2. రెండూ ఆగేదాకా అలాగే వెళ్లాలి.
3. పదినిమిషాల లోడు పెట్టి ఉష్ణోగ్రత చూడాలి, నమ్మకం లేకపోతే ఒకసారి విప్పి పేస్ట్ అచ్చు చూసుకోవాలి. పేస్ట్ చవకే, రోజులు కాదు.

మళ్లీ బిగించాక అదే 88 వాట్ల దగ్గర 72 డిగ్రీలు. బిల్డ్ మూడుసార్లు నడిపితే 11:30. అంటే పందొమ్మిది డిగ్రీలు తగ్గితే కలిసొచ్చింది పదిహేను సెకన్లే. నేను ఇంకా ఎక్కువ ఊహించాను, నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాను.

ర్యామ్‌ను రెండు బోర్డుల మీదా 5200కి పెట్టాను. 6000 కూడా నడుస్తుంది కానీ 5200 అన్నది రైజెన్ 7000లకు ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పిన వేగం, ఇంటెల్ బోర్డు కూడా గొణగకుండా ఒప్పుకుంది. దాంతో ఇంకో ఇరవై సెకన్లు తగ్గింది. ఈ సందర్భంలో ఒక మాట: ఏఎమ్5 మీద నాలుగు స్లాట్లూ నింపితే అధికారిక వేగం 3600కి పడిపోతుంది. ఇప్పుడు రెండు కర్రలు, తర్వాత ఇంకో రెండు అని ప్లాన్ వేసుకునేవాళ్లు ఆగి ఆలోచించండి. కావాల్సినంత రెండు కర్రల్లోనే తీసుకోవడం మేలు.

ఇంటెల్‌ను మూడు రకాలుగా కొలిచాను: బోర్డు వదిలిన పరిమితి లేని పద్ధతి, ఇంటెల్ చెప్పిన 65/154 పద్ధతి, ఏఎమ్‌డీతో సమానంగా ఉండాలని నేను పెట్టిన 88 వాట్ల పద్ధతి. ఒక్కోటి ఐదుసార్లు.

రైజెన్, 88 వాట్లు: 11:10, ప్లగ్ దగ్గర 139 వాట్లు, బిల్డుకు 25.9 వాట్-గంటలు.
ఇంటెల్, పరిమితి లేకుండా: 11:05, ప్లగ్ దగ్గర 192 వాట్లు, బిల్డుకు 35.5 వాట్-గంటలు.
ఇంటెల్, 88 వాట్లు: 12:05, ప్లగ్ దగ్గర 137 వాట్లు, బిల్డుకు 27.6 వాట్-గంటలు.
ఇంటెల్, 65/154: 13:20, ప్లగ్ దగ్గర సగటున 110 వాట్లు, బిల్డుకు 24.4 వాట్-గంటలు.

పై నాలుగు వరసల్లో మూడు ఒకే ప్రాసెసర్‌వి. ఆ మూడింటి మధ్య తేడా రెండు నిమిషాల పైన. పరిమితి లేని ఇంటెల్‌కూ రైజెన్‌కూ మధ్య తేడా ఐదు సెకన్లు. రెండు కంపెనీల మధ్య ఉన్న దూరం కన్నా ఒకే ప్రాసెసర్‌కు బయోస్‌లో ఉన్న ఒక అంకె వల్ల వచ్చే దూరం ఎక్కువ! దీని కోసం పాతిక బిల్డులు తగలెయ్యాల్సి వచ్చింది.

ఇప్పటిదాకా లెక్క: 40 బిల్డులు, పారేసినవి 16, పనికొచ్చేవి 24.

దశ 6: ఊరికే ఉన్నప్పుడు ఎంత (రోజు 14 నుంచి 16)

నా యంత్రం రోజులో ఎక్కువసేపు చేసేది ఏమీ చేయకపోవడమే, కాబట్టి ఐడిల్ కొలత బిల్డ్ కొలతంత ముఖ్యం.

మొదటి కొలత: ఇంటెల్ 25 వాట్లు, ఏఎమ్‌డీ 47.

ఈసారి వెంటనే నమ్మలేదు (అప్పటికి బుద్ధొచ్చింది). ఎస్‌ఎంపీఎస్‌లు వేరని గుర్తొచ్చింది. ఏఎమ్‌డీ సెట్‌కు ఉన్నది 850 వాట్లది, ఇంటెల్‌కు ఉన్నది 550ది. పెద్ద ఎస్‌ఎంపీఎస్ మీద ముప్పై నలభై వాట్ల లోడు పెడితే దాని సామర్థ్యం బాగా పడిపోతుంది, వాటి మీద ఉండే బంగారు, వెండి సామర్థ్య ముద్రలు (80 ప్లస్ గోల్డ్, సిల్వర్) అంత తక్కువ లోడు గురించి సాధారణంగా హామీ ఇవ్వవు. 550ది మార్చి పెట్టగానే 47 కాస్తా 42 అయింది.

తర్వాతి అనుమానం బోర్డు మీద. ఎక్స్670లో చిప్‌సెట్ ఒకటి కాదు, రెండు చిప్‌లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బి650లో ఒక్కటే. బి650 బోర్డు ఒకటి రెండు రోజులకు సంపాదించి పెడితే 35కి దిగింది.

చివరికి 35, 25. ఈ పది వాట్ల తేడా మాత్రం ఎక్కువగా ప్రాసెసర్‌దే. డెస్క్‌టాప్ రైజెన్‌లో కోర్లు ఒక చిప్పులో, మెమరీ, పీసీఐ లాంటివి వేరే ఐఓ చిప్పులో ఉంటాయి, ఏ పనీ లేకపోయినా రెండింటి మధ్య దారి తెరిచే ఉంచాలి. 13500 ఒకే చిప్పు. మొదట కనిపించిన 22లో 12 వాట్లకు ప్రాసెసర్‌తో సంబంధమే లేదన్నమాట.

రోజు లెక్క వేశాను: పది గంటలు ఐడిల్, ఎనిమిది బిల్డులు.

రైజెన్: 350 + 207 = 557 వాట్-గంటలు.
ఇంటెల్ (88): 250 + 221 = 471 వాట్-గంటలు.

తేడా రోజుకు 86, అంటే ఏడాదికి దాదాపు 31 యూనిట్లు. ఆ తర్వాత ఇంకో పని చేశాను. పదిహేను నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే యంత్రం నిద్రపోయేలా పెడితే ఐడిల్ పది గంటలు కాస్తా నాలుగైంది, తేడా రోజుకు 26కి పడిపోయింది. ఈ ఒక్క సెట్టింగ్ ఏ కంపెనీ ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఆదా చేసింది, అదీ నా పాత యంత్రంలో కూడా ఎప్పుడో పెట్టుకుని ఉండాల్సింది.

దశ 7: చిన్న కోర్లు పెట్టిన తిరకాసు (రోజు 17 నుంచి 20)

వర్చువల్ మెషీన్ టెస్టులు. ఇవి బిల్డ్ లెక్కలో కలపలేదు.

రైజెన్ మీద 4:30. ఇంటెల్ మీద 9:05. రెట్టింపు! ఇంత తేడా ఏ సెట్టింగూ తీసుకురాదు అనుకుని బయోస్ అంతా తిరిగాను, ఉష్ణోగ్రత చూశాను, ర్యామ్ చూశాను, ఒక పూట కెర్నల్ కూడా మార్చి చూశాను. తప్పు నా స్క్రిప్టులోనే ఉంది. ఎప్పుడో పాత యంత్రం కోసం రాసింది: "ఉన్న వాటిలో చివరి నాలుగు సీపీయూలు ఈ వర్చువల్ మెషీన్‌కు ఇవ్వు" అని. నా పని మొదటివాటి మీద, టెస్టులు చివరివాటి మీద అని అప్పటి తెలివి. 13500లో లినక్స్ ఇచ్చే నంబర్లలో 0 నుంచి 11 దాకా పెద్ద కోర్ల థ్రెడ్లు, 12 నుంచి 19 దాకా చిన్న కోర్లు. చివరి నాలుగూ చిన్నవే, పైగా ఆ నాలుగూ ఒకే గుంపు, ఒకే ఎల్2 క్యాష్ పంచుకునేవి.

0, 2, 4, 6 ఇస్తే 4:25.

షెడ్యూలర్‌కే (ఏ పని ఏ కోర్‌కు ఇవ్వాలో తేల్చే లినక్స్ భాగం) వదిలేస్తే ఈ గోల ఉండేది కాదు, కానీ టాస్క్‌సెట్‌తోనో వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లోనో నంబర్లు చేత్తో రాసే అలవాటున్నవాళ్లు ఇంటెల్ 12వ తరం, ఆ పైవాటికి మారేముందు అలాంటి ప్రతి స్క్రిప్టూ తెరిచి చూసుకోవాలి. కోర్లన్నీ ఒకటే రకం అనే ఊహ ఎక్కడెక్కడ దాక్కుని ఉందో నాకు ఇంకా పూర్తిగా దొరికిందని చెప్పలేను.

ఇక్కడికి వచ్చేసరికి మనసు ఏఎమ్‌డీ వైపు పూర్తిగా మొగ్గింది. సమాన వాట్ల దగ్గర బిల్డ్ 55 సెకన్లు ముందు, స్క్రిప్టులు ముట్టుకోనక్కర్లేదు, ఏఎమ్5కు 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎమ్‌డీ చెప్పింది, ఎల్‌జీఏ1700 కథ 14వ తరంతో ముగిసింది. "7700, బి650, 32 జీబీ" అని ఆర్డర్ చీటీ కూడా రాసుకున్నాను.

దశ 8: నాలుగో పని (రోజు 21 నుంచి 23)

చెల్లి వచ్చి చీటీ చూసి ఒకటే ప్రశ్న అడిగింది.

"అన్నయ్యా, నా కెమెరా ఫైళ్లు దీంట్లో తెరిచి చూశావా?"

శని, ఆదివారాలు ఈ యంత్రం మీద వీడియో ఎడిటింగ్ చేసేది తనే. పాతదాని మీద ఫైళ్లన్నీ ముందు చిన్న ప్రాక్సీలుగా (తేలిగ్గా నడిచే నకళ్లు) మార్చుకుని, అది అయ్యేదాకా వేరే పని చూసుకుని, ఆ తర్వాత కూర్చునేది. ఇన్నేళ్లుగా నా కళ్లముందే జరుగుతున్నా, నేను రాసిన పనుల జాబితాలో అది లేదు.

తన కెమెరా రాసేది హెచ్‌ఈవీసీ (వీడియోను కుదించే పద్ధతి), 10-బిట్, 4:2:2. ఫోన్లు మామూలుగా 4:2:0 రాస్తాయి, అందులో రంగు సమాచారం అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించి ఉంటుంది, దాన్ని ఈమధ్య వచ్చిన గ్రాఫిక్స్ దాదాపు ఏదైనా హార్డ్‌వేర్‌లోనే విప్పేస్తుంది. 4:2:2లో అడ్డంగా మాత్రమే సగం. రంగులు సరిదిద్దుకోవడానికి అది బాగుంటుంది, కానీ హెచ్‌ఈవీసీలో ఆ రకాన్ని హార్డ్‌వేర్‌లో విప్పేవి అప్పటికి చాలా తక్కువ. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ 11వ తరం నుంచి విప్పుతుంది. రైజెన్ 7000లోని గ్రాఫిక్స్ విప్పదు.

తన ఫైళ్లే పెట్టి, తను వాడే ఎడిటర్‌లోనే చూశాం:

1. ఒక ట్రాక్, 4కె: రైజెన్ మీద నడిచింది, ప్రాసెసర్ 45 శాతం పనిలో ఉంది. ఇంటెల్ మీద 10 శాతం.
2. రెండు ట్రాకులు, ఒకదాని మీద రంగు మార్పు: రైజెన్ మీద ఫ్రేములు ఎగిరిపోతున్నాయి. ఇంటెల్ మీద సాఫీగా నడిచింది.
3. టైమ్‌లైన్ మీద వేలితో లాగినట్టు ముందుకూ వెనక్కూ: రైజెన్ మీద బొమ్మ అర సెకను వెనకబడుతోంది. తను మౌస్ వదిలేసి నావైపు చూసింది, నేను నోట్స్‌లో ఏమీ రాయలేదు.

రైజెన్‌కు 4:2:2 విప్పే ఆర్క్ (ఇంటెల్ గ్రాఫిక్స్) కార్డు ఒకటి జోడించొచ్చు. కానీ అది పెడితే ఐడిల్ ఇంకా పెరుగుతుంది, వద్దనుకున్న కార్డే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ప్రాక్సీలు చేసుకోవచ్చు, తను ఇన్నాళ్లూ చేసింది అదే.

నాకు బిల్డుకు 55 సెకన్లు, ఎనిమిది బిల్డులకు ఏడు నిమిషాల చిల్లర. తనకు ప్రతి వారాంతం కొన్ని గంటలు. చీటీ చింపేశాను.

కొనేవాళ్లకు ఒక్క జాగ్రత్త: ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. 13400ఎఫ్ లాంటిది తెచ్చుకుంటే ఈ దశ మొత్తం వృథా.

దశ 9: బిగింపు (రోజు 26 నుంచి 31)

13500, బి760, అవే 5200 ర్యామ్ సెట్టింగులు, 550 ఎస్‌ఎంపీఎస్. ఎల్‌జీఏ1700లో లీవర్ బిగిస్తే ప్రాసెసర్ మధ్యలో కొద్దిగా వంగుతుంది, దానికోసం విడిగా లోహపు ఫ్రేములు దొరుకుతాయి. 88 వాట్లకు అది అక్కర్లేదనిపించింది, 66 డిగ్రీల దగ్గరే ఆగుతోంది కాబట్టి జోలికి పోలేదు.

పీఎల్1 88, పీఎల్2 88. మూడు బిల్డులు: 12:04, 12:06, 12:05. అరువు సెట్ మీద వచ్చిందే వచ్చింది.

రోజు 30న బయోస్ అప్‌డేట్ చేశాను. మర్నాడు బిల్డ్ 11:06 చూపించింది. కొత్త బయోస్‌లో ఏదో బాగుచేశారని పొద్దున్నంతా సంబరపడ్డాను, ఇంకో మూడు బిల్డులు నడిపి అన్నీ 11:05 చుట్టుపక్కలే వచ్చాయని నోట్స్‌లో రాసుకున్నాను కూడా. మధ్యాహ్నం ఫ్యాన్ చప్పుడు ఎక్కువైందేమిటని ప్లగ్ మీటర్ చూస్తే 192.

పీఎల్1 ఆటో. పీఎల్2 ఆటో.

చివరి లెక్క: 47 బిల్డులు, పారేసినవి 20, పనికొచ్చినవి 27. క్యాబినెట్ తలుపు లోపలివైపు ఇప్పుడు ఒక చీటీ అంటించి ఉంది: "బయోస్ మార్చావా? 88 ఉందో లేదో చూడు." చెల్లి దాని కింద పెన్సిల్‌తో ఇంకో గీత రాసింది: "శనివారం కాదు."